మూసుకుంటున్న గ్యారేజీ తలుపు కింద నుంచి బాబు దూరాడు: ఏం చేయాలో చెప్పండి

వేపచెట్టు నీడ

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం నుంచి నా మనసు మనసులో లేదు, అందుకే రాస్తున్నాను.

మా మామయ్యగారు కారు లోపల పెట్టి గోడ మీది స్విచ్చు నొక్కారు. తలుపు సగానికి దిగింది. ఇంతలో మా అయిదేళ్ల బాబు బంతి బయటికి దొర్లింది. వాడు వంగి, పరుగున తలుపు కింద నుంచి బయటికి దూరిపోయాడు. నేను అరుస్తూ స్విచ్చు మళ్లీ నొక్కాను. తలుపు ఆగింది. వాడి వీపుకూ తలుపు అంచుకూ మధ్య జానెడు దూరం కూడా లేదు.

రాత్రి వాడు పడుకున్నాక నేనూ మావారూ వెళ్లి చూశాం. ఒక ఖాళీ అట్టపెట్టె తలుపు కింద పెట్టి స్విచ్చు నొక్కాం. తలుపు దాన్ని నొక్కి చదును చేసి నేలకు ఆనింది. ఆగనూ లేదు, వెనక్కు పోనూ లేదు. నాకు కాళ్లు వణికాయి.

ఈ ఇంట్లోకి వచ్చి ఎనిమిది నెలలైంది. తలుపు మాకంటే ముందున్న వాళ్లు పెట్టించుకున్నది. తలుపుకు రెండు పక్కలా కింద చిన్న సెన్సర్లు ఉంటాయని విన్నాను కానీ మా తలుపుకు అక్కడ ఏమీ లేవు. టార్చి వేసి వెతికితే పైకప్పు దగ్గర, మోటారు పక్కన రెండు చిన్న డబ్బాలు ఎదురెదురుగా పెట్టి టేపుతో కట్టేసి ఉన్నాయి. అవేనా సెన్సర్లు? అలా ఎందుకు కట్టారు? మామయ్యగారికి వినికిడి తక్కువ, బాబు నిమిషం కుదురుగా ఉండడు. ఈ తలుపును ఎలా దారికి తేవాలి?

---

నట్టు బోల్టు

అమ్మా, ముందు బాబు క్షేమంగా ఉన్నాడు, అది చాలు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ తలుపులు బిగించే పనిలో ఉన్నాను. అడిగిన వాటికి తరువాత వస్తాను, ఈ పూట చేయవలసింది ముందు చెబుతాను.

తలుపు పూర్తిగా మూసి ఉంచండి. మోటారు ప్లగ్గు తీసేయండి. పట్టాల మధ్య, మోటారు నుంచి వచ్చే కడ్డీకి ఎర్రటి తాడు వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగితే మోటారుకూ తలుపుకూ సంబంధం తెగిపోతుంది. తలుపు నేలకు ఆని ఉన్నప్పుడే ఆ తాడు లాగాలి. పైకి ఎత్తి ఉన్నప్పుడు లాగితే, తలుపు బరువు మోసే స్ప్రింగు గనక బలహీనంగా ఉంటే, తలుపు మొత్తం బరువుతో ఒక్కసారిగా కిందపడుతుంది. తలుపు లోపలి వైపు గొళ్లెం ఉంటే వేసేయండి. మనిషి వచ్చి చూసేదాకా కారు బయటే ఉండనివ్వండి. మళ్లీ మోటారు కలిపే రోజున గొళ్లెం తీయడం మాత్రం మరవకండి. గొళ్లెం వేసి ఉండగా మోటారు లాగితే పలకలు వంగిపోతాయి.

మీరు చూసిన ఆ డబ్బాలు సెన్సర్లే. ఒకటి కంటికి కనిపించని పరారుణ కిరణాన్ని పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో ఏదైనా అడ్డం వస్తే, దిగుతున్న తలుపు ఆగి పైకి పోవాలి. అవి తలుపుకు రెండు వైపులా, నేల నుంచి 15 సెంటీమీటర్లకు మించని ఎత్తులో ఉండాలి. ఎప్పుడో అవి సరిగా పనిచేయక తలుపు మూసుకోవడం మానేసి ఉంటుంది. అమరిక సరిచేసే ఓపిక లేక, రెండింటినీ ఎదురెదురుగా కట్టి పైన పెట్టేశారు. ఆ రెండింటి మధ్యకు ఏదీ రాదు కాబట్టి మోటారుకు దారి ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే తెలుస్తుంది. నా పనిలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఇంటివాళ్లకు తెలియకుండా వాళ్ల పిల్లల రక్షణను తీసి అటక మీద పెట్టడం ఇది.

స్ప్రింగు ఎక్కడ ఉందో చెప్పండి. తలుపు పైన గోడకు అడ్డంగా లావుగా చుట్టుకొని ఉందా, లేక రెండు పక్కలా పైపట్టాల వెంట సాగి ఉందా?

---

ఇద్దరు పిల్లల నాన్న

ఇది చదివి నేనూ మా తలుపు దగ్గరికి వెళ్లాను. మావి కిందే ఉన్నాయి. చీపురు కర్రను మధ్యలో చాపితే తలుపు వెంటనే ఆగి వెనక్కు వెళ్లింది. కానీ సెన్సర్ల కంటే తక్కువ ఎత్తున్న అట్టపెట్టె పెడితే మాత్రం కాస్త నొక్కాకే వెనక్కు పోయింది. నట్టు బోల్టు గారూ, ఇది సరైనదేనా?

---

నట్టు బోల్టు

చీపురు కర్ర పరీక్ష బాగా చేశారు. అట్టపెట్టెతో మాత్రం ఏదీ తేలదు, అది మెత్తగా లొంగిపోతుంది. పద్ధతి ఇదీ: 38 మిల్లీమీటర్ల మందం, అంటే ఒకటిన్నర అంగుళం ఉన్న చెక్కను తలుపు దిగే చోట నడిమధ్యన నేల మీద పడుకోబెట్టాలి. అంత తక్కువ ఎత్తు సెన్సరు కిరణానికి తగలదు, కాబట్టి మోటారు తనంతట తాను అడ్డును గుర్తిస్తుందో లేదో తెలుస్తుంది. తలుపు చెక్కకు తగిలిన 2 సెకన్లలోపు పైకి తిరగాలి. తిరగకపోతే ఆ తలుపు వాడకూడదు. చేయి పెట్టి, కాలు పెట్టి చూడటం ఎవరూ చేయకండి.

రెండు రక్షణలూ ఎందుకో కూడా చెబుతాను. సెన్సరు చూసేది ఒకే ఒక గీతను. ఆ గీతకు కింద నేల మీద పడుకున్న పిల్లి దానికి కనిపించదు. చక్రాలు గీత దాటిపోతే, పైన ఎత్తుగా ఉండే కారు బంపరూ కనిపించదు. అక్కడ కాపాడేది తగిలితే వెనక్కు పోయే గుణమే. నెలకోసారి రెండు పరీక్షలూ చేయండి.

అమెరికాలో 1993 జనవరి 1 నుంచి ఇళ్ల కోసం తయారయ్యే ప్రతి గ్యారేజీ మోటారుకూ ఇలాంటి రెండో రక్షణ, అంటే సెన్సర్లు గానీ తలుపు అంచుకు స్పర్శ పట్టీ గానీ, తప్పనిసరి చేశారు. దిగే తలుపుల కింద చిక్కుకొని పసిపిల్లలు చనిపోయాక వచ్చిన నియమం అది. తలుపు తగిలితే వెనక్కు పోతుంది అన్న ఒక్క నమ్మకం చాలదని అప్పటికి తెలిసింది.

---

పాత ఇనుము

మోటారు డబ్బా వెనక రెండు చిన్న మరలు ఉంటాయి. ఒకటి దిగే బలం, రెండోది ఎక్కే బలం. దిగే బలాన్ని తగ్గిస్తే సరిపోతుంది, దానికి మనిషిని పిలవడం ఎందుకు? స్ప్రింగు కూడా నేనే మార్చుకున్నాను. కొత్తది తెచ్చి పాతది విప్పి బిగించాను, ఒక పూట పని. ఇంటిపని మనమే చేసుకుంటేనే వస్తువు మీద పట్టు వస్తుందని నా నమ్మకం.

---

నట్టు బోల్టు

అన్నగారూ, మీ చేతి నేర్పు మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ మాట ఇక్కడ చదివే పదిమంది కోసం గట్టిగా చెప్పాలి.

రెండు కార్లు పట్టే వెడల్పు తలుపు బరువు ఇంచుమించు 100 కిలోలు ఉంటుంది, చెక్కదైతే ఇంకా ఎక్కువ. మీరు చిటికెన వేలితో ఎత్తగలిగితే అది మీ బలం కాదు, మోటారు బలమూ కాదు. ఆ బరువంతా మోసేది స్ప్రింగు. మోటారు తలుపును ముందుకూ వెనక్కూ నడుపుతుంది, అంతే. అంత బరువుకు సరితూగే శక్తి ఆ చుట్టలో బిగిసి ఉంటుంది. దాన్ని విప్పడానికి స్ప్రింగు కొసన ఉండే రంధ్రాలకు సరిగ్గా సరిపోయే ఉక్కు కడ్డీలు రెండు కావాలి. ఒకటి తీసే లోపు రెండోది పట్టి ఉండాలి. నాతో పనిచేసిన ఒక కుర్రవాడు కడ్డీ అందుబాటులో లేదని స్క్రూడ్రైవరు పెట్టాడు. అది జారింది. స్ప్రింగు ఒక్కసారిగా తిరిగి వాడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. నేను పక్కనే నిచ్చెన పట్టుకొని ఉన్నాను. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

తలుపు అడుగున రెండు మూలలా ఇనుప బిళ్లలు ఉంటాయి, వాటికి కేబులు తగిలించి ఉంటుంది. స్ప్రింగు బలమంతా ఆ కేబులు మీదే. ఆ బిళ్లల మరలు కూడా ముట్టుకోకూడదు. కొన్ని తలుపులకు వాటికి ఎర్ర రంగు వేసేది అందుకే.

బలం మరలు తిప్పే సంగతికి వస్తాను. తలుపు బరువు సమంగా ఉంటే తక్కువ బలం చాలు. స్ప్రింగు అలసిపోతే తలుపు బరువెక్కుతుంది, మోటారు ఆగిపోతూ ఉంటుంది. అప్పుడు జనం బలం పెంచుతారు. అలా పెంచిన ప్రతిసారీ, మధ్యలో ఎవరైనా చిక్కుకుంటే పడే దెబ్బనూ పెంచుతున్నట్టే. వేపచెట్టు నీడ గారి ఇంట్లో అట్టపెట్టె నలిగిందంటే, ఎవరో ఆ మరలు చివరిదాకా తిప్పి ఉంటారని నా అనుమానం. ఇప్పుడు తగ్గిస్తే తలుపు దిగడమే మానేయవచ్చు. ముందు తలుపును సమం చేసి, ఆ తరువాతే బలం సరిచేయాలి.

---

పాత ఇనుము

మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. నేను స్ప్రింగు బిగించినది రెండు మందపాటి బోల్టులతో, కడ్డీలతో కాదు. ఏమీ కాలేదు కాబట్టి సరే అనుకున్నాను. మా అబ్బాయికి కూడా నేర్పుదామని చూస్తున్నాను. ఇక నేర్పను. మీరు రాసినందుకు సంతోషం.

---

బామ్మ కబుర్లు

నాయనలారా, మీరంతా తలుపు కింద గురించే చెబుతున్నారు. నా సంగతి తలుపు మధ్యలో జరిగింది. మా తలుపు నాలుగు అడ్డ పలకలుగా ఉంటుంది, పైకి పోయేటప్పుడు ఒక్కో కీలు దగ్గర మడుచుకుంటుంది. కరెంటు లేని రోజున చేత్తో దించుదామని, అందిన చోట పట్టుకున్నాను. అందిన చోటంటే రెండు పలకల మధ్య సందు. తలుపు నిటారుకు వచ్చేసరికి ఆ సందు మూసుకుంది. నా రెండు వేళ్లు అందులోనే ఉన్నాయి. చూపుడువేలు గోరు ఊడిపోయింది, కొస ఇప్పటికీ తిమ్మిరిగానే ఉంటుంది. పూలు గుచ్చేటప్పుడు సూది సరిగా పట్టదు.

ఆ తరువాత మా మనవడు తలుపు లోపలి వైపు అడుగు పలకకు పొట్టి తాడు కట్టాడు, బయటి వైపు పిడి బిగించాడు. ఇప్పుడు చేయి వేరే చోటికి పోదు. చేత్తో దించే తలుపు ఉన్న ప్రతివాళ్లూ ఆ పిడి పెట్టించుకోండి. పిల్లలకు ఆ పలకల గీతలు మెట్లలా కనబడతాయి, వేలు పెట్టడం వాళ్లకు సహజం.

---

నట్టు బోల్టు

బామ్మగారూ, మీరు రాసింది మా పనివాళ్లు కూడా మరిచే విషయం. వేళ్లు పట్టని విధంగా సందును మలిచిన పలకలు ఇప్పుడు వస్తున్నాయి. కొత్త తలుపు కొనేవాళ్లు అది అడిగి తీసుకోవాలి. చేతితాడు మాత్రం, మోటారు ఉన్న తలుపుకైతే, తీసేయాలి. తలుపు పైకి పోతున్నప్పుడు పిల్లలు దాన్ని పట్టుకొని వేలాడతారు, మెడకో చేతికో చుట్టుకునే ప్రమాదం ఉంది. చేత్తో ఎత్తే తలుపుకే తాడు.

---

తూర్పు వాకిలి

మాది పలకల తలుపు కాదు, ఒకే చెక్క. కింది అంచు ముందుకు పొడుచుకు వచ్చి, పైకి తిరిగి కప్పు కిందికి పోతుంది. పక్కలా సాగే స్ప్రింగులు ఉన్నాయి. దీనికీ ఇవే జాగ్రత్తలా?

---

నట్టు బోల్టు

పరీక్షలు అవే. అదనంగా రెండు. ఆ తలుపు తెరుచుకునేటప్పుడు బయట నిలబడ్డవాళ్లను కొడుతుంది, కాబట్టి దాని కింది అంచు ఎంతదూరం వస్తుందో చూసి నేల మీద రంగుతో గీత గీయండి. పిల్లలకు గీత బాగా అర్థమవుతుంది. రెండోది, సాగే స్ప్రింగు లోపలి నుంచి ఒక ఉక్కు తీగ దూర్చి రెండు చివరలా బిగించి ఉండాలి. స్ప్రింగు తెగితే ముక్క ఎగిరిపోకుండా ఆ తీగే ఆపుతుంది. తీగ లేకపోతే ఈ వారమే పెట్టించండి.

---

ఇద్దరు పిల్లల నాన్న

ఎర్ర తాడు గురించి ఒక మాట. తలుపు పై అంచు సందులోంచి బయటివాళ్లు వంకర తీగ దూర్చి ఆ తాడును లాగి తలుపు తెరుస్తారని విని, నేను దాన్ని ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టేశాను. అది మంచిదేనా?

---

అర్ధరాత్రి దీపం

దయచేసి ఆ పట్టీ విప్పేయండి. దొంగ రాకూడదని మీ వాళ్లే బయటికి పోలేని స్థితి తెచ్చుకోకూడదు. మంట లేచి, కరెంటు పోయి, పొగలో వెతుకుతున్న మనిషికి ఆ తాడు ఒక్కటే దారి కావచ్చు. 2017లో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చులు వచ్చినప్పుడు కరెంటు లేక గ్యారేజీ తలుపులు తెరవలేకపోయినవాళ్లున్నారు. ఆ తరువాతే 2019 జూలై 1 నుంచి అక్కడ కొత్తగా బిగించే ఇళ్ల మోటార్లకు బ్యాటరీ ఉండాలని చట్టం చేశారు. మీ మోటారుకు బ్యాటరీ ఉంటే నెలకోసారి ప్లగ్గు తీసి, తలుపు తెరుచుకుంటుందో లేదో చూడండి. పాతబడ్డ బ్యాటరీ ఆ రోజుకు పనికిరాదు.

తాడు నేల నుంచి 1.8 మీటర్ల ఎత్తుకు, అంటే ఆరడుగులకు మించకుండా పెద్దవాళ్లకు అందాలి. ఇంట్లో ప్రతి పెద్దమనిషీ ఒకసారి, తలుపు మూసి ఉన్నప్పుడు, లాగి చూసి ఉండాలి. దొంగల భయానికైతే తలుపు పై అంచు సందు మూసే రబ్బరు పట్టీ వేయించండి, లేదా పట్టుకునే పిడి తీసి ఉత్త తాడు ఉంచండి.

దొంగతనం సంగతి వచ్చింది కాబట్టి రిమోటు గురించి కూడా. బయట పెట్టిన కారులో రిమోటు వదిలితే, కారు అద్దం పగలగొట్టినవాడికి ఇంటి తాళం ఇచ్చినట్టే. పాత రిమోట్లు ఎప్పుడూ ఒకే సంకేతం పంపుతాయి, దాన్ని పట్టి మళ్లీ పంపడం తెలిసినవాడికి తేలిక. ప్రతి నొక్కుకూ సంకేతం మారే రకం 1990ల నుంచి ఉంది, పాతది ఉన్నవాళ్లు మార్చుకోవాలి. పాత ఇల్లు కొన్నవాళ్లైతే మొదటి రోజే మోటారు జ్ఞాపకంలోని రిమోట్లన్నీ చెరిపేసి మళ్లీ మీవి నేర్పించుకోండి. వేపచెట్టు నీడ గారూ, మీరు చేశారా?

---

చదువుల తల్లి

ఫోనుతో మూసే ఏర్పాటు మా ఇంట్లో ఉంది. ఆఫీసు నుంచే మూసేస్తూ ఉంటాను. ఈ చర్చ చదివాక గుండె గుభేలుమంది. నేను చూడని తలుపు అది.

---

నట్టు బోల్టు

అలా దూరం నుంచి మూసే వీలున్న మోటారు కదలడానికి ముందు కనీసం 5 సెకన్లు దీపం వెలిగి ఆరుతూ, చప్పుడు చేస్తూ హెచ్చరించాలి. మీది అలా చేస్తుందో లేదో ఈ సాయంత్రమే ఇంట్లో నిలబడి చూడండి. చేయకపోతే ఆ సదుపాయం ఆపేయండి. చేసినా, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవేళ వాడవద్దని నా మాట. రెండేళ్ల పిల్లకు ఆ చప్పుడు దూరంగా పొమ్మనడం కాదు, దగ్గరికి రమ్మనడం.

---

అర్ధరాత్రి దీపం

ఇంకొక్కటి. చలి అని తలుపు మూసి లోపల ఇంజను నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలుపు తెరిచి ఉన్నా సరే, ఇంజను వేయగానే కారు బయటికి తీసేయాలి.

---

వేపచెట్టు నీడ

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాలుగు రోజులు తలుపు మూసే ఉంచాం. మొన్న పనివాళ్లు వచ్చి వెళ్లారు. ఏం తేలిందో రాస్తాను, మరొకరికి పనికొస్తుంది.

మాది తలుపు పైన అడ్డంగా ఉండే స్ప్రింగే. మోటారు విడదీసి తలుపును నడుము ఎత్తుకు లేపి వదిలితే అక్కడే నిలవాలట. మాది వదలగానే దిగిపోయింది. స్ప్రింగు అలసిపోయిందన్నారు. మామూలు స్ప్రింగు సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి సరిపోతుందట. మా ఇంట్లో లెక్క వేస్తే రోజుకు ఆరుసార్లు అవుతోంది, అంటే నాలుగున్నర ఏళ్లు. ఇన్నాళ్లూ ఆ లెక్క ఎవరూ వేయలేదు. ఎడమవైపు కేబులు అడుగున మూడు పోగులు తెగి ఉన్నాయి. దాన్ని చూశాక నాకు మాట రాలేదు. దిగే బలం మర నట్టు బోల్టు గారు చెప్పినట్టే చివరిదాకా తిప్పి ఉంది.

స్ప్రింగు, కేబుళ్లు రెండూ మార్చారు. సెన్సర్లు కిందికి దిగాయి. గోడ స్విచ్చు మా బాబు భుజం ఎత్తులో ఉండేది. దాన్ని తలుపు కనబడే చోటనే, అయిదడుగులకు పైన పెట్టించాం. రిమోట్లన్నీ చెరిపి మళ్లీ నేర్పించాం. మా దగ్గర ఉన్నవి రెండే, మోటారు జ్ఞాపకంలో నాలుగు ఉన్నాయి.

చెక్క పెట్టి చూశాం. తగలగానే పైకి పోయింది. మామయ్యగారు మూడుసార్లు చేయించి చూశారు. ఆయన అప్పటినుంచి స్విచ్చు నొక్కాక తలుపు నేలకు ఆనేదాకా కదలడం లేదు, బాబును చేయి పట్టుకొని పక్కన నిలబెట్టుకుంటున్నారు. పనివాళ్లు వచ్చేదాకా తన వల్లే జరిగిందని అన్నం సరిగా తినలేదు. తప్పు ఆయనది కాదని ఇప్పుడు చెప్పగలిగాను.

ఒక చిక్కు మిగిలింది. సాయంత్రం నాలుగు దాటితే తలుపు సగం దిగి మళ్లీ పైకి పోతోంది, మోటారు దీపం మినుకుమినుకుమంటోంది. పొద్దున ఏ ఇబ్బందీ లేదు. స్విచ్చు అలాగే నొక్కి పట్టుకుంటే మూసుకుంటోంది.

---

నట్టు బోల్టు

మీ ముందువాళ్లు సెన్సర్లు విప్పి పైన కట్టింది ఈ ఎండ వల్లే అయి ఉంటుంది.

కిరణాన్ని అందుకునే సెన్సరు కంట్లోకి వాలుతున్న ఎండ నేరుగా పడుతోంది. ఎండలోనూ పరారుణం ఉంటుంది, దానిలో అసలు కిరణం కలిసిపోతుంది. రెండు సెన్సర్ల స్థానాలూ తారుమారు చేయమనండి. అందుకునేది నీడ వైపుకు, పంపేది ఎండ వైపుకు. అప్పటికీ ఆగకపోతే అందుకునేదాని చుట్టూ వేలెడు పొడవున చిన్న గొట్టం ముక్క టోపీలా తొడిగితే చాలు. అద్దం మీద సాలెగూడు, దుమ్ము ఉన్నా ఇలాగే అవుతుంది, మెత్తటి గుడ్డతో తుడవండి. స్విచ్చు నొక్కి పట్టి మూయడం మాత్రం అలవాటు చేసుకోకండి. అలా పట్టుకున్నంతసేపూ మోటారు సెన్సరు మాట వినదు.

---

వేపచెట్టు నీడ

తారుమారు చేశారు. ఇప్పుడు నాలుగున్నర అయింది, ఎండ సరిగ్గా ఆ మూలకే పడుతోంది. తలుపు దిగి మూసుకుంది. మళ్లీ తెరిచి, బాబు బంతిని తలుపు దారిలో పెట్టి స్విచ్చు నొక్కాను. తలుపు కదిలి, వెంటనే ఆగి, పైకి వెళ్లిపోయింది. వాడు తాతగారి చేయి పట్టుకొని, మేమూ నేల మీద గీసిన గీత ఇవతల నిలబడి చూశాడు.